నిచ్చెన మీద వైఫై

తణుకులో మా పిన్ని కూతురి నిశ్చితార్థం ఆదివారం ఉదయం 9.30కి. అమెరికాలో మాకది శనివారం రాత్రి 10 గంటలు. "ఆ వేళకి ఎక్కడుంటామో, వీడియో వస్తుందో రాదో ముందే చూసుకోరా" అని సాల్ట్ లేక్ సిటీలో అద్దె ఆర్వీ (మంచం, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) ఎక్కేటప్పుడే అమ్మ చెప్పింది. మేం దిగబోయే ఆర్వీ పార్కులో, అంటే ఇలాంటి బండ్లు రాత్రికి ఆగే చోట, ఉచిత వైఫై ఉందని రాసుంది కాబట్టి నేను ధీమాగా తలూపాను.

దాదాపు 320 మైళ్ళు నడిపి, శనివారం సాయంత్రానికి మోంటానాలోని వెస్ట్ ఎల్లోస్టోన్ చేరాం. ఊరు దాటితే ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు పడమటి గేటే. మాకిచ్చిన చోటు ఆర్వీ పార్కులో అన్నిటికన్నా చివర, పైన్ చెట్ల కింద. కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ గొట్టం తగిలించి ఫోన్ చూస్తే వైఫై ఒక్క గీత. మెట్ల మీద నిలబడితే రెండు. లోపలికొచ్చి తలుపేస్తే సున్నా.

మా బండి పక్కలన్నీ అల్యూమినియం రేకు. రేడియో తరంగాలకి రేకు గోడ లాంటిది, కిటికీల్లోంచి ఎంత దూరితే అంతే. దానికి తోడు ఆఫీసు దగ్గరున్న వైఫై స్తంభానికీ మాకూ మధ్య బస్సంత ఆర్వీ ఒకటి అడ్డంగా నిలబడింది. ఫోన్లో సిగ్నల్ కొలిచే యాప్ పెట్టి చూస్తే మైనస్ 84 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత). ఈ లెక్కలో మైనస్ పక్కన అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత నీరసం.

మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన, వైఫైని అందుకుని మళ్ళీ పంచే ఎక్స్‌టెండర్‌ని వంటగట్టు పక్కన ప్లగ్గులో పెట్టింది. ఫోన్లో గీతలన్నీ నిండాయి కానీ ఒక్క పేజీ తెరుచుకోలేదు. ఎక్స్‌టెండర్ కూడా ఆ రేకు డబ్బాలోనే ఉంది కదా. తనకే సరిగా వినపడని మాటని గట్టిగా అరిచి చెబుతోంది.

అడ్డంగా ఉన్న ఆ పెద్ద ఆర్వీ తాలూకు టెక్సాస్ పెద్దాయన కుక్కని తిప్పుతూ మా అవస్థ చూశాడు. ఏళ్ళ తరబడి ఆర్వీలోనే కాపురమట. "వినే చెవి బండి బయట ఉండాలి. ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది" అన్నాడు. హోటళ్ళ కోసం కొన్న అరచేతిలో పట్టే ట్రావెల్ రూటర్ నా సంచిలో ఉంది. అది పార్కు వైఫైని అందుకుని, మనకి వేరే పేరుతో సొంత వైఫై ఇస్తుంది. అమ్మ కందిపొడి తెచ్చుకున్న జిప్ కవర్ ఖాళీ చేసి, రూటర్నీ పవర్ బ్యాంకునీ అందులో పెట్టి, బండి వెనక నిచ్చెన పైమెట్టుకి కట్టాను. పార్కు వైఫైని 5 గిగాహెర్ట్జ్ తరంగాల మీద కాకుండా 2.4 మీద పట్టుకోమని సెట్ చేశాను. 2.4 నెమ్మదైనా దూరం పోతుంది, అడ్డంకుల్ని కాస్త తట్టుకుంటుంది. లోపల మా ఫోన్లకి మాత్రం 5. నిచ్చెన పక్కనే వెనక కిటికీ ఉండబట్టి లోపలికి బాగానే అందింది. పార్కు లాగిన్ పేజీలో సైట్ నంబర్ ఒక్కసారి కొడితే చాలు, అందరి ఫోన్లూ కలిశాయి. ఇప్పుడు రూటర్ చూపిస్తున్నది మైనస్ 66. చూడ్డానికి 18 తేడానే, శక్తి లెక్కలో 60 రెట్లు పైమాటే.

గెలిచాననుకున్నాను. రాత్రి 9.45కి పిన్నికి వీడియో కాల్ చేస్తే బొమ్మ బిగుసుకుపోయింది. స్పీడ్ చూస్తే ఒక ఎంబీపీఎస్ కూడా లేదు. గీతలు మాత్రం నిండుగా ఉన్నాయి!

నాన్న మునిసిపాలిటీ వాటర్ వర్క్స్‌లో రిటైరయ్యారు. "కుళాయి మార్చావురా, బాగుంది. వీధంతా ఒకేసారి తిప్పితే చివరింటికి ఏం వస్తాయి?" అన్నారు. నిజమే. శనివారం రాత్రి పదింటికి చుట్టూ ప్రతి బండిలోనూ టీవీ వెలుగుతోంది. స్తంభం దాకా సిగ్నల్ నా చేతిలో పని, ఆ స్తంభానికి వచ్చే ఇంటర్నెట్ లైను నా చేతిలో లేదు.

పిల్లల ట్యాబ్‌లు లాక్కున్నాను. నా ఫోన్ చూస్తే పగలు తీసిన ఫోటోలన్నీ దానంతటదే బ్యాకప్ చేసేస్తోంది, ఉన్న కాస్త లైనూ అదే మింగుతోంది. ఆపేశాను. వీడియో తీసేసి మాటలతోనే కాల్ చేశాం. సన్నాయి వినపడింది, పంతులుగారు లగ్నపత్రిక చదవడం వినపడింది. అమ్మ ఫోన్ని చెవికి ఆనించుకుని, "అది ఏ రంగు చీర కట్టిందే?" అని మూడుసార్లు అడిగింది. పిన్ని ఆ సందడిలో మూడుసార్లూ వేరే జవాబే చెప్పింది.

తెల్లారి 5.30కి లేచి చూస్తే పార్కంతా నిద్రలో ఉంది, వైఫై పరుగులు పెడుతోంది. పిన్ని పంపిన వీడియోలన్నీ నిమిషాల్లో దిగిపోయాయి. అమ్మ దుప్పటి కప్పుకుని కాఫీ చల్లారిపోయేదాకా చూసింది. చీర ఆకుపచ్చ.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ దగ్గర రద్దీ కాకముందే చేరాలని హడావుడిగా గొట్టాలు విప్పి బయల్దేరాం. 30 మైళ్ళు పోయాక అక్కడి పార్కింగ్‌లో దిగి, నాన్న బండి వెనక్కి వెళ్ళి పిలిచారు. "ఒరేయ్, నీ కందిపొడి కవర్ ఇక్కడే ఉంది."