చెప్పుల చప్పుడు వినే సాల్మొనెల్లా

పోయిన ఆగస్టులో నాకు టైఫాయిడ్ వచ్చింది. చిక్కడపల్లిలో బండి దగ్గర పానీపూరీ తినడం వల్లే అని అమ్మ తీర్పు, దాని మీద ఇప్పటికీ అప్పీలు లేదు. ఐదో రోజుకి జ్వరం దిగింది కదా అని మాత్రలు మానేశాను. రెండు వారాలకి మళ్ళీ మొదలు. మళ్ళీ రక్తం తీయడం, మంచం, గంజి. ఒంట్లో ఇన్ని తెల్లకణాలున్నాయి కదా, అవేం చేస్తున్నట్టు అని అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

తీరా చూస్తే టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కాపురం పెట్టేదే వాటిలో! బ్యాక్టీరియాని మింగే మాక్రోఫేజ్ అనే తెల్లకణం దాన్ని ఒక సంచిలో బంధించి, లోపల ఆమ్లం పెంచి, పొరల్ని చీల్చే చిన్న ప్రోటీన్లని కూడా వదులుతుంది. వేరే బ్యాక్టీరియా అయితే చాలావరకు అక్కడే సరి. సాల్మొనెల్లా పొరలో మాత్రం ఫోక్యూ అనే ప్రోటీన్ ఉంటుంది, అది పసిగట్టేది సరిగ్గా ఈ ఆమ్లాన్నీ ఈ ప్రోటీన్లనే. మెట్ల మీద నాన్న చెప్పుల చప్పుడు వినగానే ఫోను దుప్పటి కింద దాచి పుస్తకం తెరిచేవాళ్ళం చూడండి, అలా. ఫోక్యూ ఒక ఫాస్ఫేట్ ముక్కని ఫోపీ అనే ఇంకో ప్రోటీన్‌కి అందిస్తుంది, అది పోయి డీఎన్ఏని పట్టుకుని కొన్ని జన్యువుల్ని ఆన్ చేస్తుంది, కొన్నిటిని ఆపేస్తుంది. దాంతో పైపొర రసాయనమే మారిపోయి, మన ప్రోటీన్లు దాన్ని అంత తేలిగ్గా చీల్చలేవు. ఇంకో గుంపు జన్యువులు సూదిలాంటి పరికరం కట్టి, సంచి గోడలోంచి కణంలోకి తమ ప్రోటీన్లు ఎక్కిస్తాయి, బంధించిన సంచి కాస్తా అద్దె గది అయిపోతుంది.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం ఆపేసే వాటి సంగతి. బయట ఈదడానికి వాడిన తోకని లోపలికొచ్చాక తయారుచేయడం తగ్గించేస్తుంది, ఎందుకంటే ఆ తోక ప్రోటీన్ కణానికి చిక్కితే అలారం మోగి, కణం తనే పగిలి చచ్చి దొంగని బయటికి తోసేస్తుంది. టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష, మన విడాల్ రిపోర్టులో హెచ్ అని ఉండేది ఈ తోక మీద తయారైన యాంటీబాడీల లెక్కే.

ఫోపీ జన్యువు పాడైన సాల్మొనెల్లా మాక్రోఫేజ్‌లో బతకలేదని 1980ల చివర్లోనే తేలింది. ఇందులో ఎక్కువ భాగం మనకి టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా రకం టైఫీ మీద కాదు, ఎలుకలకి జబ్బు చేసే దాని చుట్టం టైఫీమ్యూరియం మీద తెలిసింది, టైఫీ మనుషుల్ని తప్ప పట్టదు కాబట్టి.

టైఫీకి అదనంగా వీఐ అనే చక్కెర కోటు ఉంటుంది. పేగులో ఉప్పు గాఢత ఎక్కువగా ఉన్నచోట దాన్ని పెద్దగా తొడుక్కోదు, గోడ దాటి లోపలికి రాగానే తొడుక్కుంటుంది. హైదరాబాద్ దగ్గర టీకాల కంపెనీలుండే మన జీనోమ్ వ్యాలీ టైఫాయిడ్ టీకాలో ఉండేది ఆ చక్కెరే, ఒక ప్రోటీన్‌కి అతికించి.

తమ్ముడికి వేయించాం. బ్యాక్టీరియా సూదుల గురించి ఇంత రాశాను గానీ నేనింకా వేయించుకోలేదు, సూదంటే భయం.