రాణిగంజ్ నుంచి తెచ్చుకున్న మొదటి వెల్డింగ్ మిషన్

ఇవాళ వెల్డింగ్ మిషన్ కొన్నాను. 200 ఆంపియర్ల ఇన్వర్టర్ ఆర్క్ మిషన్, అంటే పూత ఉన్న రాడ్డు కొసకీ ఇనుముకీ మధ్య మెరుపు (ఆర్క్) పుట్టించి రెంటినీ కరిగించి అతికేది (ఇన్వర్టర్ అంటే ఇంట్లో బ్యాటరీది కాదు, లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న తేలిక రకం), సింగిల్ ఫేజ్, ఒంటి చేత్తో పట్టుకుని మేడెక్కేంత బరువే. ఆదివారం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చాలా షాపులు తెరవరు కాబట్టి శనివారమే పెట్టుకుని, అల్వాల్ నుంచి బండి మీద వెళ్ళి, ఎండ ముదరకముందే నాలుగు షాపులు తిరిగి తెచ్చాను. ఎందుకు ఇదే తీసుకున్నానో ఇవాళే రాసిపెట్టుకోవాలి. ఇన్నాళ్ళూ వీడియోలు చూస్తూ అనుకున్నది ఒకటి, ఇంట్లో కరెంటు మీటర్ ముందు నిలబడి లెక్క వేసుకున్నాక తేలింది ఇంకొకటి.

ముందు నాకు చెయ్యాలనున్న పనులు రాసుకున్నాను. మేడ మీద మొక్కలకి స్టాండ్లు, షెడ్డులో పని చేసుకోవడానికి గట్టి బల్ల, వాషింగ్ మిషన్ కింద స్టాండు, ఊళ్ళో అమ్మ వాళ్ళ గేటుకి కింద తుప్పు తిన్న పట్టీ మార్చడం. అన్నీ ఎంఎస్, అంటే మామూలు ఇనుము: స్క్వేర్ పైపు, యాంగులర్ (ఎల్ ఆకారం కడ్డీ), పట్టీ. స్టీలు రెయిలింగులు లేవు, అల్యూమినియం అసలే లేదు. అంటే టిగ్ మిషన్ (గ్యాసు కాపులో టంగ్‌స్టన్ సూదితో అతికేది) కోసం డబ్బు పెట్టక్కర్లేదు. అల్యూమినియంకి ఏసీ టిగ్ కావాలి, దాని రేటు వింటేనే మొదటి మిషన్‌గా పనికిరాదని తెలిసిపోతుంది.

తర్వాత కరెంటు. నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే, కానీ షాపులో ఎవరూ దీని గురించి ముందుగా అడగరు. మా ఇంటి శాంక్షన్ లోడు, అంటే కరెంటు ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్న వాడకం, 3 కిలోవాట్లు, షెడ్డులో ఉన్నది 16 ఆంపియర్ల ప్లగ్గు. 2.5 ఎంఎం రాడ్డుని 80 ఆంపియర్ల దగ్గర కాలిస్తే ఆర్క్ వోల్టేజీ దాదాపు 23 ఉంటుంది, అంటే రాడ్డు కొస దగ్గర సుమారు 1,850 వాట్లు. మిషన్‌లో పోయేది కలుపుకుంటే గోడ ప్లగ్గు నుంచి 2.2 కిలోవాట్ల దాకా లాగుతుంది, పైగా మామూలు ఇన్వర్టర్ మిషన్లకి పవర్ ఫ్యాక్టర్ తక్కువ (అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతాయి) కాబట్టి వైరులో 13, 14 ఆంపియర్లు పారుతుంది. సరిగ్గా 16 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకునేంత. అదే మిషన్‌ని 200కి పెడితే ఆర్క్ దగ్గరే 5.6 కిలోవాట్లు, గోడ నుంచి 30 ఆంపియర్లకి పైనే, అది మా ఇంట్లో కుదరదు. కాబట్టి మిషన్ మీద 200 ఉన్నా 250 ఉన్నా, కొత్త వైరింగ్ చేయించి లోడు పెంచుకునేదాకా నాకు పనికొచ్చేది 80, 90 ఆంపియర్లే. నేను చేసే పనులకి అది బాగా సరిపోతుంది కూడా.

మరి 200 ఎందుకు కొన్నట్టు? డ్యూటీ సైకిల్ కోసం. 200 దగ్గర 60 శాతం అని రాసి ఉంటే, 10 నిమిషాల్లో 6 నిమిషాలు కాల్చి 4 నిమిషాలు ఆపాలని అర్థం. కరెంటు తగ్గించే కొద్దీ ఆ ఆపే సమయం తగ్గుతుంది, అలాంటి మిషన్ 80 దగ్గర ఆపకుండా నడుస్తుంది. అయితే ఆ శాతం 40 డిగ్రీల వేడికి లెక్క కట్టింది, మా రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ కాస్త వెసులుబాటు ఉండాలనే 160 వద్దనుకుని 200 తీసుకున్నాను. కొన్ని మిషన్ల పెట్టె మీద 200 అని పెద్దక్షరాల్లో ఉంటుంది, వెనక ప్లేటు మీద డ్యూటీ సైకిల్ మాత్రం ఉండదు. అలాంటివి ఎంత చవకైనా ముట్టుకోలేదు.

ఒక షాపాయన త్రీ ఇన్ వన్ మిగ్ మిషన్ (రాడ్డు బదులు చుట్టలోంచి వైరు వచ్చే రకం) తీసుకోమని చాలాసేపు చెప్పాడు. ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. పల్చటి రేకు మీద మిగ్ తేలిక, పైన చిట్టెం (రాడ్డు పూత కరిగి వెల్డ్ మీద కట్టే పెంకు) కొట్టే పని లేదు, ట్రిగ్గర్ నొక్కితే వైరు దానంతటదే వస్తుంది. కానీ కరిగిన లోహాన్ని గాలి తగలకుండా కాపాడే గ్యాసుతో అయితే సిలిండర్, రెగ్యులేటర్, రీఫిల్లింగ్, అన్నీ చూసుకోవాలి. మా షెడ్డుకి రెండు వైపులా గోడ లేదు, గాలి వీస్తే ఆ గ్యాసు కొట్టుకుపోయి వెల్డ్ అంతా బొక్కలు పడుతుంది. గ్యాసు అక్కర్లేని, లోపల పొడి నింపిన ఫ్లక్స్ వైరు వాడొచ్చు, అది రాడ్ల కన్నా ఖరీదు, నిప్పురవ్వలు కూడా ఎక్కువ. ఇంకో భయం కూడా ఉంది. మిగ్‌లో పైకి నున్నగా కనిపించి లోపల ఇనుముకి అతకని జాయింటు వేసెయ్యడం సులువు. నేర్చుకునేవాడికి అది కనపడదు. రాడ్డుతో అయితే కరిగిన ముద్ద ఎటు పోతోందో, చిట్టెం ఎక్కడ ఇరుక్కుంటోందో కళ్ళ ముందే ఉంటుంది. నేను ముందు అది నేర్చుకోవాలి.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ గురించి కూడా ఆలోచించాను. మా వీధి చివర గ్రిల్స్ చేసే మేస్త్రీ దగ్గర రాగి వైండింగ్‌ది ఉంది, ఎన్నో ఏళ్ళుగా నడుస్తూనే ఉంది, దాంట్లో చెడిపోవడానికి బోర్డు అంటూ ఏమీ లేదు. నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ ఒక్కడే కదిలించలేనంత బరువు, ఆర్క్ కొట్టినప్పుడల్లా ఇళ్ళల్లో లైట్లు డిమ్ అవుతాయి, పైగా అది ఏసీ. ఇన్వర్టర్ డీసీ కాబట్టి పల్చటి పైపుకి రాడ్డు పట్టే హోల్డర్‌ని మైనస్‌కి పెట్టి, ఇనుముకి తగిలించే ఎర్త్ క్లాంపుని ప్లస్‌కి మార్చి, ఇనుములోకి మరీ లోతుగా పోకుండా చూసుకోవచ్చు. మేస్త్రీ మాత్రం పొద్దున్నే ఒకటే చెప్పాడు: “అన్నా, 16 గేజ్ కన్నా సన్నం పైపు ఇప్పుడే ముట్టుకోకు, అన్ని బొక్కలే పడతయ్.” 16 గేజ్ అంటే 1.6 ఎంఎం. బల్లకి 2 ఎంఎం పైపే కొనాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మిషన్‌లో మిగిల్చిన డబ్బంతా చుట్టూ ఉండే వాటికి పెట్టాను. పెట్టెలో వచ్చిన కేబుల్ పొట్టిది, గీకి చూస్తే రాగి పూత వేసిన అల్యూమినియం. దాన్ని పక్కన పెట్టి 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ కొలిపించుకుని, గట్టి ఎర్త్ క్లాంపు వేయించాను. ఎర్త్ సరిగా పట్టకపోతే ఎంత మంచి మిషనైనా ఆర్క్ తడబడుతుంది. ఆర్క్ రాగానే అద్దం దానంతటదే నల్లబడే ఆటో డార్కెనింగ్ హెల్మెట్, నలుపు (షేడ్) 9 నుంచి 13 దాకా తిప్పుకునేది తీసుకున్నాను, 80 ఆంపియర్లకి 10 చాలు. దీంట్లో మాత్రం ఎవరూ కక్కుర్తి పడకూడదు. ఆర్క్ చూసిన కళ్ళు అప్పటికప్పుడు ఏమీ అనిపించవు, కొన్ని గంటల తర్వాత, అర్ధరాత్రి, ఇసుక పోసినట్టు మండుతాయి. మా అక్క పిల్లలు షెడ్డు దగ్గరికి పరిగెత్తుకొస్తారని తెలుసు కాబట్టి, తెరిచి ఉన్న వైపు కట్టడానికి మంట అంటుకోని వెల్డింగ్ కర్టెన్ కూడా చెప్పి వచ్చాను. తోలు గ్లోవ్స్, చిప్పింగ్ సుత్తి, వైరు బ్రష్షు, 2.5 ఎంఎం 6013 రకం రాడ్లు ఒక ప్యాకెట్, ప్యాకెట్ మీద ఐఎస్ 814 (ఈ రాడ్ల భారతీయ ప్రమాణం) గుర్తు చూసుకుని తెచ్చాను. 7018 అనే ఇంకో రకం రాడ్డు గట్టిదే, కానీ చెమ్మ తగలకుండా కాపాడాలి, తగిలితే ఓవెన్‌లో కాల్చాలి. మొక్కల స్టాండుకి అదంతా ఎందుకు!

జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పైపు ముక్కలు ఇంట్లో చాలా ఉన్నాయి, వాటి మీద ప్రాక్టీస్ చెయ్యొచ్చు కదా అని బావ అన్నాడు. వద్దన్నాను. జింకు పూత కాలితే వచ్చే తెల్ల పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. పూత మొత్తం గ్రైండ్ చేస్తే తప్ప వాటి జోలికి వెళ్ళను.

సాయంత్రం కర్టెన్ ఇంకా రాలేదు కాబట్టి పిల్లల్ని ఇంట్లోనే ఉంచమని అక్కకి చెప్పి, నూలు చొక్కా వేసుకుని, 5 ఎంఎం యాంగులర్ ముక్క మీద వరసగా వెల్డ్ గీతలు గీశాను. 70 దగ్గర రాడ్డు అతుక్కుంటోంది, 85 దగ్గర హాయిగా పారింది. చివరి గీత మీద చిట్టెం సుత్తి తగలగానే పొరలా లేచి వచ్చింది, కింద అలలు దాదాపు సమానంగా ఉన్నాయి. ఎంత సంతోషమేసిందో! ప్లగ్గు పట్టుకుని చూస్తే మాత్రం గోరువెచ్చగా ఉంది. రేపు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం లైను, దానికో ఎంసీబీ వేయించాలి. అది అయ్యేదాకా రాడ్డు కాల్చను, ఈలోపు బల్లకి పైపులు కోసి పెట్టుకుంటాను.