అనుమానమున్న డిస్క్ నుంచి ఫొటోలు బయటికి తీశాను: నా అనుభవం

అక్క ఇచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో అమ్మానాన్నల పాత ఫొటోలున్నాయి. వాటికి మరెక్కడా కాపీ లేదు. ఆమె కంప్యూటర్‌లో ఆ డిస్క్ తెరిస్తే ఫోల్డర్లు ఉండాల్సిన చోట షార్ట్‌కట్లు కనిపిస్తున్నాయట. "నీ ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ ఉందిగా, పెట్టి చూడు తమ్ముడూ" అంది. నేను ఒప్పుకోలేదు. అసలు ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెట్టడం పెన్‌డ్రైవ్ వైరస్‌ల పాత ఎత్తు. దాన్ని నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, చాటున వైరసూ నడుస్తుంది. అందుకే చాలామందికి అనుమానమే రాదు.

డిస్క్ తగిలించగానే దానంతటదే తెరుచుకునే ఆటోప్లేను ఆపేస్తే చాలదా అని అక్క అడిగింది. ఆపాలి, కానీ దాని మీదే భారం వేయకూడదు. 2008లో కాన్‌ఫికర్ అనే వైరస్ వచ్చినప్పుడు అది వ్యాపించిన దారుల్లో ఆటోరన్ ఒకటి, అంటే డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌ను విండోస్ తనంతట తానే నడిపే ఏర్పాటు. యూఎస్‌బీ డ్రైవ్‌ల విషయంలో ఆ దారిని మైక్రోసాఫ్ట్ 2011లో పాత విండోస్‌లలోనూ మూసేసింది. అంతకు ముందే, 2010లో, స్టక్స్‌నెట్ అనే ఇంకో వైరస్ బయటపడింది. షార్ట్‌కట్‌ను నొక్కనక్కర్లేదు, దాని బొమ్మ తెరమీద కనబడితే చాలు, ఆ వైరస్ నడిచేది. ఆ లోపాన్ని సరిదిద్దారు. అలాంటిది ఇంకొకటి లేదని నాకు ఎవరు హామీ ఇస్తారు? ఆ డిస్క్‌ను విండోస్‌లో తెరవనే కూడదనుకున్నాను.

వాడకుండా పడివున్న పాత ల్యాప్‌టాప్ తీసుకుని, స్క్రూలు విప్పి లోపలి హార్డ్ డిస్క్ తీసేశాను. వైఫై ఆపాను. వైరస్ లేదని నమ్మకమున్న మరో కంప్యూటర్‌లో, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటును పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే ల్యాప్‌టాప్ నడిపాను. అది పూర్తిగా లేచాకే అక్క డిస్క్ తగిలించాను. ముందే తగిలించి ఉంటే ల్యాప్‌టాప్ పొరపాటున దాని నుంచే బూట్ అయ్యే (మొదలయ్యే) ప్రమాదం ఉంది. డిస్క్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా, అందులో ఏమీ రాయలేని విధంగా మౌంట్ చేశాను (ఉబుంటుకు కలిపాను).

తెరవగానే విషయం తేలిపోయింది. ఒకటి రెండు కేబీల షార్ట్‌కట్లు వరుసగా ఉన్నాయి, వాటి పక్కనే పేరే లేని ఫోల్డర్ ఒకటి. విండోస్‌లో దాచిన ఫోల్డర్‌ను ఉబుంటు మామూలుగానే చూపిస్తుంది. పేరు స్థానంలో ఉన్నది కంటికి కనబడని ఖాళీ అక్షరం. దాని లోపల ఫొటోలన్నీ భద్రంగా ఉన్నాయి! ప్రాణం లేచివచ్చింది.

ఇక్కడ తొందరపడకూడదు. ఫోల్డర్‌ను మొత్తంగా లాగి పడేస్తే వైరస్ ఫైళ్లూ వెంట వస్తాయి. జేపీజీలు, వీడియోలు మాత్రమే ఏరి కొత్త పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఒక ఫైలు పేరులో జేపీజీ తర్వాత ఈఎక్స్ఈ అని ఇంకో తోక ఉంది, అంటే అది ఫొటో కాదు, ప్రోగ్రామ్. విండోస్ మామూలుగా ఆ చివరి తోకను దాచేస్తుంది కాబట్టి అక్కడ అది ఫొటోలాగే కనిపించేది. వర్డ్ ఫైళ్లలో మాక్రోలు (ఫైలులోనే దాగి నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) ఉండొచ్చు, అందుకని అక్కకు నిజంగా అవసరమైన వాటినే వేరే ఫోల్డర్‌లో ఉంచాను.

కాపీ అయిన ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాక, వాటిని అప్‌డేట్ అయిన యాంటీవైరస్‌తో పరీక్షించాను. ఆ తర్వాతే అక్క డిస్క్‌లోని పార్టిషన్లన్నీ (డిస్క్‌లోని భాగాలు) చెరిపి కొత్తగా ఫార్మాట్ చేశాను. అయినా డిస్క్ వెంటనే తిరిగి ఇవ్వలేదు. అక్క కంప్యూటర్‌లో వైరస్ ఇంకా ఉంటే తగిలించిన మరుక్షణమే మళ్లీ అంటుకుంటుంది. ముందు ఆ కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ వేయించుకోమన్నాను.