గరుత్మంతుడనుకుని తోమేశారు

రాత్రి పన్నెండున్నర. అత్తయ్య పడుకున్నారు. ఈయన గురక మొదలైంది. నేను వంటింట్లో లైటు కింద భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. పొద్దున పదింటికి కింది ఇంటి బామ్మగారికి ఆ బ్యాడ్జీ తిరిగివ్వాలి. ఏం చెప్పి ఇవ్వాలో తోచట్లేదు.

బుధవారం రుమాల్లో చుట్టి తెచ్చారావిడ. వాళ్ళ నాన్నది, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి జర్మన్ సైన్యపు ఇన్‌ఫాంట్రీ అసాల్ట్ బ్యాడ్జీ. చుట్టూ ఓక్ ఆకుల దండ, మధ్యలో బాయ్‌నెట్ తగిలించిన తుపాకీ, పైన గద్ద, దాని కాళ్ళలో నాజీల స్వస్తిక. ఫొటో అడక్కండి, మేముండే ఈ జర్మనీలో ఆ గుర్తు ఊరికే నలుగురికీ చూపిస్తే కేసు పెడతారు. మూడు వేర్వేరు రోజుల్లో మూడు దాడుల్లో ముందు వరసలో ఉన్నవాడికి ఇచ్చేవారట.

ఆవిడకి కావలసింది ఒక్కటే: అది వెండి రంగుదా, కంచు రంగుదా? నడిచి వెళ్ళే పదాతి దళానికి వెండి రంగుది. బళ్ళలో వెళ్ళే దళానికి 1940 జూన్ నుంచి కంచు రంగుది. "రష్యా దాకా నడిచే పోయాడు" అనేదట వాళ్ళమ్మ. "లారీలో" అనేవాడట బాబాయి. ఏ రంగుదో బ్యాడ్జీతో ఇచ్చే కాగితంలో రాసి ఉంటుంది గానీ, ఆ కాగితాలన్నీ 1945లో వాళ్ళమ్మే పొయ్యిలో పెట్టేసింది. ఎనభై మూడేళ్ళొచ్చినా ఆవిడకి ఆ అనుమానం తీరలేదు.

నేను దాన్ని షెల్ఫు మీద పెట్టాను. అదే నా తప్పు. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఇత్తడి దీపపు కుందుల పక్కన తళతళలాడుతూ బోర్లించి ఉంది.

"రేపు శుక్రవారం కదమ్మా, చింతపండు పెట్టి తోమేశాను. గరుత్మంతుడు, స్వస్తికం... ఎంత మకిలి పట్టించారో!"

"మధ్యలో తుపాకీ కనపడలేదా అత్తయ్యా?"

"ఏదో గద అనుకున్నా."

1957లో ఇక్కడి ప్రభుత్వం స్వస్తిక తీసేసిన నమూనాలు పెట్టుకోవడానికి అనుమతిచ్చింది. ఇది ఆ రకమైనా బాగుండేది, అత్తయ్య దాని జోలికి పోయేవారు కాదు.

అసలు చిరాకు అత్తయ్య మీద కాదు. ఈయన మీద. నాణేలు పోగేసే మనిషి కదా, "పాత సామాను తోమకూడదని ఆమాత్రం తెలీదా" అని క్లాసు. ఎవరికి? నాకు! వాళ్ళమ్మ పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. పైగా అద్దం కూడా పెట్టకుండా, "తెల్లగానే ఉందిగా, సిల్వరే" అని తీర్పు. తెల్లగా ఉన్నది పూత కాదు మహాప్రభో, లోపలి జింకు! మొదట్లో రాగి ఎక్కువ కలిసిన ఇత్తడితో చేసేవాళ్ళు, దాని మీద పూత నిలిచేది. యుద్ధం ముదిరి రాగి తూటాలకీ గుండ్లకీ కావలసొచ్చాక జింకుతో పోతపోశారు. జింకు మీద ఏ పూతా ఎక్కువ కాలం ఉండదు. వెండి రంగుదైనా కంచు రంగుదైనా చివరికి ఒకటే బూడిద రంగు. ఇదంతా నిన్న రాత్రి రెండింటి దాకా చదివి చెప్తే, "అదేగా నేనూ అన్నది" అన్నారు. అనలేదు.

తయారీ కూడా లూడెన్‌షైడ్ అని పందెం కాశారు, మనకి దగ్గర ఊరు కదా అని. వెనక జె.ఎఫ్.ఎస్. అని ఉంది. అంటే గాబ్లొంట్స్‌లోని యోజెఫ్ ఫైక్స్ అండ్ సన్స్. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది, పేరు యాబ్లొనెట్స్. గాజు పూసల ఊరు. ఒకప్పుడు మనదేశానికి ఓడల్లో గాజులు పంపింది వీళ్ళే అంటే, అత్తయ్య మొదటిసారి ఆ బ్యాడ్జీని చేతిలోకి తీసుకుని సరిగ్గా చూశారు.

ఆ మూడక్షరాలు చూస్తే నాకు అమ్మమ్మ గుండిగ గుర్తొచ్చింది. తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు ముందు గుర్రుమనే మిషనుతో పేర్లు కొట్టేవాడొకడు ఉండేవాడు. సుబ్బాయమ్మ అని కొట్టమంటే సుబ్బమ్మ అని కొట్టాడు. అమ్మమ్మ సగం డబ్బులే ఇచ్చింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు, గుండిగ దించినప్పుడల్లా "ఒక య, ఒక దీర్ఘం నాకు బాకీ" అనేది. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మా గుండిగ వెళ్ళేది, పందిరి విప్పగానే సగం పేరుతోనే తిరిగొచ్చేది. పొరపాటున వేరే గుండిగ వస్తే వాళ్ళింటికే వెళ్ళి ఒక్కొక్కటీ బోర్లించి చూసేది. దాన్ని ఎవరు చేశారో మాత్రం మా ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎక్కడా రాసి లేదు. ఇక్కడ చేసినవాడి పేరుంది, పెట్టుకున్నవాడి పేరే లేదు.

సరే, అత్తయ్య పోగొట్టారనుకున్నానా? ఇప్పుడు అదీ అనుమానమే. ఎనభై ఏళ్ళలో జింకే ఎప్పుడో మింగేసి ఉండొచ్చు, ఆవిడ తోమింది ఉత్త మురికే అయ్యుండొచ్చు. తెలిసినవాళ్ళు ముందు చూసేది వెనక పిన్ను కీలు సందుల్లోనట, చేయి తగలని చోట పూత మిగులుతుందని. పదకొండింటికి అక్కడ సన్నటి గోధుమరంగు గీత దొరికింది. ఎగిరి గంతేశాను. కంచు రంగే! లారీయే! బాబాయే నిజం!

పావుగంట తర్వాత మళ్ళీ చూస్తే ఆ గీతకి పీచు ఉంది. చింతపండు పీచు లాగే ఉంది.

అగ్గిపుల్లతో కదిపి చూద్దామని తీసి, మళ్ళీ పెట్టేశాను.