బండ రంగు బూడిద కాదు

తెలంగాణలో దేవరకొండ వైపు పోయినా, రాచకొండ వైపు పోయినా గుండ్లే గుండ్లు. నీటిరంగులు కొత్తగా పట్టినవాళ్లు వాటికి నలుపులో తెలుపు కలిపి పూసేస్తారు. కాగితం మీద బండకు బదులు సిమెంటు దిమ్మె లేస్తుంది.

ఇక్కడి గ్రానైట్‌లో చాలాచోట్ల గులాబీ ఛాయ ఉంటుంది. ఎండ పడే వైపు ఎల్లో ఓకర్‌ను (మట్టి పసుపు) బాగా పలుచన చేసి, అందులో చుక్క ఎరుపు వేస్తే చాలు. నీడకు అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు). ఈ నీడంతా ఒకే రంగులో ఉండదు. ఎర్రమట్టి చెల్క మీద పడ్డ ఎండ బండ కడుపుకు ఎగదన్నుతుంది కాబట్టి నేల దగ్గర నీడ ఎర్రబారుతుంది, పైకి పోయేకొద్దీ నీలం తేలుతుంది. రెండు రంగులూ తడి మీదే కలవాలి. ఏప్రిల్‌లో కాగితం చూస్తుండగానే ఆరిపోయి మధ్యలో గీత పడుతుంది. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితాన్ని వెనకవైపు కూడా తడిపితే కాస్త ఆగుతుంది. ఏదేమైనా పొద్దున తొమ్మిదిన్నర దాటితే నీడలు కురచబడి గుండ్రదనం పోతుంది.

వాన నీళ్లు జారినచోట బండ మీద నల్లచారలు ఉంటాయి. వాటిని నిలువుగా గీసేస్తే బండ పలకైపోతుంది. నీళ్లు ఎట్లా జారతాయో అట్లే, పొట్ట దగ్గర వంపు తిరగాలి.

ఎండ వైపు వేసే ఆ చుక్క ఎరుపు కోసం ట్యూబు కొనడమెందుకు, చెల్క మట్టే ఉంది కదా! పైన నాలుగు వేళ్ల మట్టి తీసేసి, కిందిది రెండు దోసిళ్లు బకెట్ నీళ్లలో కలపండి. నిమిషం ఆగితే ఇసుక దిగుతుంది. పైనున్న ఎర్రనీళ్లను గుడ్డలో వడపోసి రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారి తేట వంపేయండి. అడుగున మిగిలిన మెత్తటి మట్టిని నీడలో ఆరబెట్టి నూరాలి. ఒక వంతు తుమ్మజిగురును రెండు వంతుల వేడినీళ్లలో కరిగించి వడగట్టి, నాలుగు చుక్కల తేనె వేసి, ఆ పొడితో అద్దం మీద మెదపాలి. ఆరాక వేలికి అంటితే జిగురు తక్కువైనట్టు, నిగనిగలాడితే ఎక్కువైనట్టు. ఇనుము వల్ల వచ్చిన ఎరుపు కాబట్టి ఎండకు వెలిసిపోదు.

రేగడితో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఆరేటప్పుడు చేనులో నెర్రెలిచ్చినట్టే కాగితం మీదా నెర్రెలిస్తుంది.