ఏరియేటర్లు ముందెళ్లాయి, నేను నాలుగు నెలలకు

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ, అంటే చేపలు, రొయ్యల పెంపకం డిగ్రీ చదివి, రొయ్యల గుంటల నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో టెక్నీషియన్‌గా చేరాను. 2023లో శ్రీలంకలో చిలాపం దగ్గరి ఫారం ఒకటి మా ఏరియేటర్లు కొంది. వాటితోపాటు ఒక ఏడాది గుంటలు చూసుకోవడానికి ఓ మనిషిని కూడా పంపమని అడిగింది. మా ఓనరు నా పేరు చెప్పాడు.

"ఎంతబ్బయ్యా, మద్రాసులో విమానం ఎక్కితే గంటన్నర. ఒంగోలు పోయినంత సేపు కూడా పట్టదు" అన్నాడు.

సరుకు విషయంలో ఆయన మాట నిజమే. ఇండియా, శ్రీలంకల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది. 1998 డిసెంబరులో సంతకాలయ్యాయి, 2000 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సరుకు ఇక్కడే తయారైందని 'సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్' తీసుకుంటే, మినహాయింపు జాబితాలో లేని వస్తువులకు అక్కడ దిగుమతి సుంకం ఉండదు. దాని విలువలో కనీసం 35 శాతం ఇక్కడ చేరి ఉండాలి. మోటారు ఎక్కడిది, ఫ్లోట్లు ఎక్కడివి, ఫ్యాన్లు ఎక్కడ పోశారు, కూలి ఎంత పడింది అని మా అకౌంటెంట్ లెక్కలు వేసి ఆన్‌లైన్‌లో పెట్టాడు. రెండు వారాల్లో కంటైనర్ చెన్నై రేవు దాటింది.

నాకూ అలాంటి కాగితం ఏదో ఉంటుందనుకున్నాను. నేనూ ఇక్కడే తయారయ్యాను కదా, 35 శాతం ఏం ఖర్మ, నూటికి నూరు శాతం!

అలాంటిదేమీ లేదు. ఆ ఒప్పందం వస్తువులకే. సేవల్నీ కలిపి పెద్ద ఒప్పందం చేసుకోవాలని ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. 2008లో సంతకం దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత 'ఎట్కా' అని ఇంకో పేరుతో మొదలుపెట్టారు. ఇండియా వాళ్లు వచ్చి మా ఉద్యోగాలు తన్నుకుపోతారని అక్కడి డాక్టర్లు, ఐటీ వాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. నేను ముద్రల కోసం తిరుగుతున్న రోజుల్లోనే కొలంబోలో 12వ విడత చర్చలు జరిగాయని పేపర్లో చదివాను. ఆ పేపరు చదివింది కూడా జిరాక్స్ షాపు క్యూలో నిలబడే.

ఇక నా కథంతా ఇంటిపేరు కథ. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. డిగ్రీలో పొడి అక్షరం ఒక్కటే. టెన్త్ మెమోలో నా పేరు చివర ఒక 'హెచ్' ఎక్కువ. ఇన్నేళ్లూ ఎవరికీ పట్టని ఆ హెచ్ ఇప్పుడు పట్టింది. ఉద్యోగ వీసాకి డిగ్రీ అటెస్టేషన్, అంటే డిగ్రీ అసలుదేనని ముద్రలు కావాలి. ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన చెన్నైలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్ ముద్ర. విదేశాంగ శాఖకు కాగితాలు మనం నేరుగా ఇవ్వలేం, వాళ్లు నియమించిన ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించాను. అది చాలదన్నారు. తహసీల్దారు ఇచ్చింది కావాలన్నారు. అది తెచ్చేసరికి, ఒక చోట నా ఫైలే కనపడలేదు. పదకొండు రోజుల తర్వాత ఇంకెవరి ఫైల్లోనో దొరికింది. ఆ పదకొండు రోజులూ నాకు నిద్ర లేదు, ఒరిజినల్ డిగ్రీ అందులోనే ఉంది మరి.

మా ఊళ్లో పాస్‌పోర్టు అంటే కువైట్ అనే లెక్క. "ఎమిగ్రేషన్ స్టాంపు కొట్టించావా?" అని నాయన రోజూ అడిగేవాడు. ఆ స్టాంపు తప్పనిసరైన దేశాల జాబితాలో శ్రీలంక లేదు, పైగా డిగ్రీ ఉన్నవాళ్లకు అది అక్కర్లేదు అని చెబితే ఆయనకు నమ్మకం కుదరలేదు. ఒక ఏజెంటు మాత్రం తేలిగ్గా చెప్పాడు: "టూరిస్టుగా వెళ్లిపో, అక్కడ ఎవరు చూస్తారు?" చూస్తారని తెలుసు కాబట్టి వెళ్లలేదు. నిజం చెప్పాలంటే ఒక రాత్రంతా ఆలోచించాను.

ఆ రోజుల్లో సాయంత్రాలు ట్రంకు రోడ్డులో ఒక నేపాలీ కుర్రాడి బండి దగ్గర నూడుల్స్ తినేవాణ్ణి. నువ్వెలా వచ్చావని అడిగితే, సరిహద్దు దాటి బీహార్‌లోని రక్సౌల్ దాకా నడిచి వచ్చి రైలెక్కానన్నాడు. వీసా లేదు, అటెస్టేషన్ లేదు. 1950 నాటి ఇండియా నేపాల్ ఒప్పందం ప్రకారం ఆ దేశం వాళ్లు ఇక్కడ, మనం అక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. అది వ్యాపార ఒప్పందం కాదు, స్నేహ ఒప్పందం. అతను ఎనిమిదో తరగతితో దేశం దాటి వచ్చాడు, నేను డిగ్రీ చేతబట్టుకుని నెల్లూరు దాటలేకపోతున్నాను. కుళ్లుకున్నానని ఒప్పుకుంటాను.

చివరికి ఫారం వాళ్లు అక్కడ నుంచి ఎంట్రీ వీసా పంపారు. దిగాక వైద్య పరీక్షలు: మలేరియా, ఫైలేరియా, క్షయ, హెచ్‌ఐవీ. 2016లోనే మలేరియాని తమ దేశంలో లేకుండా చేసుకున్నారు, ఫైలేరియా ప్రజారోగ్య సమస్య కాకుండా చేసుకున్నారు కాబట్టి వాళ్ల జాగ్రత్త వాళ్లది. బట్టరముల్లలోని ఇమిగ్రేషన్ ఆఫీసులో ఒక పూట కూర్చుంటే ఏడాది రెసిడెన్స్ వీసా వేశారు. మొత్తం నాలుగు నెలల తొమ్మిది రోజులు. నేను వెళ్లేసరికి మా ఏరియేటర్లు గుంటలో తిరుగుతూ నాచు కూడా పట్టాయి.

ఫారంలో సూపర్‌వైజరు సింహళీయుడు. నన్ను 'మల్లీ' అనేవాడు, తమ్ముడని. నేను 'అయ్యా' అనేవాణ్ణి. వాళ్ల భాషలో అయ్యా అంటే అన్న. మొదటి నెల సరిగ్గా మాట్లాడలేదు. నేను చేసే పని వాళ్ల కుర్రాడు చేయలేడా అని అతని బాధ. తప్పేం లేదు. 2022లో వాళ్ల రూపాయి పడిపోయాక ఆ ఊరి కుర్రాళ్లు కొందరు గల్ఫ్‌కి, కొరియాకి వెళ్లిపోయారట, ఉన్నవాళ్లకైనా పని ఉండాలి కదా. ఒక గుంటలో రొయ్యల్ని చంపే తెల్లమచ్చ రోగం వస్తే ఇద్దరం మూడు రాత్రులు గట్టు మీదే ఉన్నాం. గుంట పోయింది, మాటలు కలిశాయి.

ఒకరోజు తన కూతురు ఇంటర్ లాంటి పరీక్ష రాసిందని, ఇండియాలో మా కాలేజీ లాంటి చోట చదివించాలని ఉందని చెప్పాడు. వాళ్ల విద్యార్థులకు మన ప్రభుత్వం ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) స్కాలర్‌షిప్పులు ఇస్తుందనీ, స్టూడెంట్ వీసా మాత్రం తప్పదనీ చెప్పాను. ఏ కాగితాలు కావాలో రాసివ్వమన్నాడు.

"అవన్నీ తర్వాత అయ్యా. ముందు పాప పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందా?"

వాళ్లకీ మనలాగే ఇంటిపేర్లున్నాయి, 'గే' పేర్లంటారు. పాప పేరు పూర్తిగా రాసి చూపించాడు. ఒక లైన్లో పట్టలేదు.