మిద్దె మీద తోటకు సర్వే నంబరు

మొన్న సోమవారం ఉదయం సొరపాదుకు నీళ్లు పోస్తుండగా నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "మీ దరఖాస్తు తిరస్కరించబడినది. కారణం: భూమి వివరాలు సరిపోలలేదు" అని అందులో ఉంది. అది నేను ఆరు నెలల క్రితం, శ్రావణమాసంలో రాయితీ విత్తనాల కిట్టు కోసం పెట్టుకున్న దరఖాస్తు. ఆ సందేశం చదువుతున్నప్పుడు నా తలకు జానెడు ఎత్తులో మూడు సొరకాయలు వేలాడుతున్నాయి. కోపం చల్లారకముందే జరిగినదంతా రాసి పెట్టాలనిపించింది.

నేను అనంతపురంలో 38 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి, కిందటి వేసవిలో పదవీ విరమణ చేశాను. మా మిద్దె మీద ఎండ బాగా తగిలే స్థలం 600 చదరపు అడుగులు ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే ఈ ప్రాంతంలో, సంచులలో కూరగాయలు పెంచుకుంటానంటే ఇంట్లోవాళ్లు నవ్వారు. ఒక ఘనపుటడుగు తడి మట్టి దాదాపు 50 కిలోలు తూగుతుంది కాబట్టి, సంచులన్నిటినీ మధ్యలో గుంపుగా పెట్టకుండా గోడల వెంబడి, దూలాల మీదుగా సర్దాను. ఈ లెక్క వేయకుండా మిద్దె నిండా తొట్లు పేర్చి, తరువాత కింద గదిలో చెమ్మ దిగిందని బాధపడేవాళ్లను మా వీధిలోనే ఇద్దరిని చూశాను.

సంచులు కొనడం, ఎర్రమట్టి తోలించుకోవడం రెండు రోజుల పని. ఆషాఢం గాలికి నాలుగు సంచులు దొర్లిపోయాయి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదని అప్పుడు అర్థమైంది.

అసలు కథ శ్రావణంలో మొదలైంది. పెరటి తోటలు పెంచేవారికి విత్తనాలు, వేపపిండి, చిన్న పనిముట్లు కలిపి ఒక కిట్టుగా రాయితీ మీద ఇస్తున్నారని నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయురాలు చెప్పింది. దాని ఖరీదు ఏమంత పెద్దది కాదు. అయినా కార్యాలయం ద్వారా వచ్చే విత్తనం నమ్మకంగా ఉంటుందని, సందేహాలు తీర్చే మనిషి కూడా దొరుకుతాడని ఆశపడి వెళ్లాను. ఏ కార్యాలయమో చెప్పను. వెళ్లినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

కిటికీ వెనుక కూర్చున్న యువకుడు తల ఎత్తకుండానే "పాసుపుస్తకం తెచ్చినారా మేడమ్?" అని అడిగాడు. నాకు పొలం లేదని, మిద్దె మీద పెంచుకుంటున్నానని చెప్పాను. "అయితే సర్వే నంబరు చెప్పండి" అన్నాడు. మిద్దెకు సర్వే నంబరు ఉండదు కదా నాయనా, ఇంటి నంబరు ఉందన్నాను. "సర్వే నంబరు కొట్టందే కంప్యూటరు ముందుకు పోదు మేడమ్" అన్నాడు. నా వెనుక ఉలవ విత్తనాల కోసం నిలబడిన ఒక పెద్దాయన అందుకొని, "మిద్దె మీద బోరు ఎన్నడుగులకు పడింది మేడమ్? మాకు 800 అడుగులు దించినా దుమ్మే లేస్తాంది" అన్నాడు. వరసంతా గొల్లుమంది. ఆ మాటకు నేనూ నవ్వాను, ఎందుకంటే ఆ సంవత్సరం వేరుశనగ ఎండిపోయి ఉలవల కోసం వచ్చిన మనిషికి ఆ మాత్రం హాస్యమాడే హక్కు ఉంది. కిటికీ వెనుక యువకుడు కూడా నవ్వి, ఇంటిపన్ను రసీదు తెమ్మని చెప్పి పంపించాడు.

రెండవసారి ఇంటిపన్ను రసీదు, ఆధార్, బ్యాంకు పుస్తకం, అన్నిటికీ రెండేసి జెరాక్సు ప్రతులు తీసుకొని వెళ్లాను. ఈసారి చిక్కు విస్తీర్ణం దగ్గర వచ్చింది. గడిలో ఎకరాలలో చెప్పాలి. ఎకరాకు 43,560 చదరపు అడుగులు కాబట్టి నా 600 అడుగులు 0.0138 ఎకరం అవుతుందని అక్కడికక్కడే లెక్క కట్టి చెప్పాను. చుక్క తరువాత రెండు అంకెలే పడతాయన్నాడు. సరే, 0.01 వేయమన్నాను. వేశాడు, ఎర్ర గీత వచ్చింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఎర్ర గీత. అతను విసుగ్గా 1.00 కొట్టాడు. సర్వే నంబరు గడిలో మా ఇంటి నంబరు ఎక్కించాడు. పంట గడి తెరిస్తే అందులో వరి, కంది, వేరుశనగ ఉన్నాయి గాని బెండ, వంగ, సొర ఎక్కడా లేవు. అతను వేరుశనగ మీద నొక్కాడు. ఇది అబద్ధం కదా నాయనా, నాకు ఎకరా ఎక్కడిది, వేరుశనగ ఎక్కడిది అని అడిగాను. అతను అప్పుడు మొదటిసారి తల ఎత్తి, అందరికీ వినపడేలా, "ఇది బడి కాదు మేడమ్, పాఠం చెప్పొద్దు. కావాలంటే సంతకం పెట్టండి, లేదంటే పక్కకు జరగండి" అన్నాడు.

నేను సంతకం పెట్టాను. చదరపు అడుగులు అని రాయవలసిన చోట అడుగులు అని రాసినందుకు పిల్లలకు అర మార్కు కోసిన మనిషిని, లేని ఎకరానికి సంతకం పెట్టాను. ఆ సాయంత్రమంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

మూడవసారి వేలిముద్ర కోసం పిలిచారు. కుడి బొటనవేలు పడలేదు, ఎడమది పడలేదు. చేతులు కడుక్కొని రమ్మన్నారు. కడుక్కొని వచ్చినా పడలేదు. వేలిని తలకు రుద్దుకొని నూనె జిడ్డు అంటించి పెట్టమని పక్కన ఉన్న ఒక అమ్మాయి సలహా ఇచ్చింది. పాతికమంది ముందు అరవై దాటిన నేను నెత్తి మీద బొటనవేలు రుద్దుకుంటూ నిలబడ్డాను. పదకొండవసారికో పన్నెండవసారికో పచ్చదీపం వెలిగింది. మీలో ఎవరైనా వెళ్లవలసి వస్తే ముందురోజు రాత్రి వేళ్లకు కొబ్బరినూనె రాసుకొని వెళ్లండి. ఆ కార్యాలయం నుంచి నేను నేర్చుకున్న పనికివచ్చే విషయం అదొక్కటే.

ఈలోగా మా తోట చావడానికి సిద్ధంగా ఉంది. ఎర్రమట్టి ఒక్కటే నింపినందువల్ల నీళ్లు పోసిన కొద్దీ గట్టిపడి ఇటుకలా తయారైంది. బీన్సు ఆకుల కొసలు మాడాయి, సంచుల అంచుల మీద తెల్లటి పొర పేరుకుంది. ఆ సమయంలో మాకు పాలు పోసే ఆమె, బుక్కరాయసముద్రం వైపు నుంచి వచ్చే ఒక మహిళా సంఘం కార్యకర్త గురించి చెప్పింది. ఆమె పల్లెల్లో ప్రకృతి వ్యవసాయం నేర్పుతుంది. పదవ తరగతి మాత్రమే చదివానని తనే చెప్పుకుంది. మిద్దె ఎక్కగానే ఏ కాగితమూ అడగకుండా వేలు మట్టిలోకి గుచ్చి చూసింది. గోరు మాత్రమే దిగింది. "ఇదేంది మేడమ్, మట్టిని ఇట్ల గచ్చు చేసినారే" అని, అంచు మీది తెల్లపొరను గీకి నాలుక కొసకు తగిలించుకొని, "బోరు నీళ్లు పోస్తాండారా?" అని అడిగింది. నిజమే, బోరు నీళ్లే పోస్తున్నాను. మా బోరులో ఉప్పు ఎక్కువ, బీన్సు దానికి ఓర్చుకోదు, పాలకూర కొంత ఓర్చుకుంటుంది. అప్పటి నుంచి పెన్నా అహోబిలం జలాశయం నుంచి వచ్చే కొళాయి నీళ్లు పట్టి ఉంచి మొక్కలకు వాడుతున్నాను, బోరు నీళ్లు పాలకూరకు మాత్రమే.

ఆమె సంచులన్నీ కుమ్మరింపజేసి, ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, ఒక వంతు కడిగిన కొబ్బరిపొట్టు, సంచికి గుప్పెడు వేపపిండి కలిపించింది. మొక్కలకు పోసే ద్రవ ఎరువు, జీవామృతం కూడా నేర్పింది. దాన్ని ఎకరానికి 200 లీటర్లు చేస్తారు: పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నాకు కావలసింది పది లీటర్లే కాబట్టి ఇరవయ్యో వంతుకు తగ్గించి అరకిలో పేడ, అర లీటరు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల ఉలవపిండి అని చిటికెలో చెప్పాను. "లెక్కల మేడమ్ అంటే ఇట్లుండాల" అని ఆమె అన్నప్పుడు, కిటికీ దగ్గర పోయిన మర్యాదలో సగం తిరిగి వచ్చినట్లనిపించింది. ఆ ద్రవాన్ని నీడలో రెండు రోజులు ఉంచి, పూటకొకసారి కలియబెట్టి, పదింతల నీళ్లతో పల్చన చేసి పోస్తాను. ఆమె కొంగుముడి విప్పి, బూడిదలో దాచిన నాటు సొర గింజలు ఆరు ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే, కాయ ముదిరాక పన్నెండు గింజలు తిరిగి ఇవ్వమంది.

సొర మొదట్లో పిందెలు రాల్చింది. ఆడపువ్వు వెనుక వేలెడు పిందె ఉంటుంది, మగపువ్వుకు ఒట్టి కాడ మాత్రమే. మా ఎత్తుకు తేనెటీగలు రావడం తక్కువ. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది గనుక, పొద్దున్నే చూసి ఏమీ లేదనుకోవడం నా తెలివితక్కువ. ఇప్పుడు సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మగపువ్వు కోసి, రేకులు వెనక్కు వంచి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా అద్దుతున్నాను. నిలిచిన పిందె రెండు మూడు రోజుల్లో నూగుతో మెరుస్తూ లావెక్కుతుంది, నిలవనిది పసుపు రంగుకు తిరుగుతుంది. అద్దిన పదిహేను రోజులకల్లా కాయ కోతకు వస్తోంది.

ఇక చైత్రం రాకముందే సగం ఎండను ఆపే పచ్చని వల కట్టించాలి, లేకపోతే ఏప్రిల్ ఎండకు టమాట పూత నిలవదు.

తిరస్కరణ విషయానికి వస్తే, భూమి వివరాలు సరిపోలలేదన్నది ఆ వ్యవహారం మొత్తంలో రాసిన ఒకే ఒక నిజం. నా పేరు మీద ఉన్న ఆ ఎకరా వేరుశనగను కొట్టివేయించడానికి ఇంకొకసారి వెళ్లి రావాలా అని మా అబ్బాయిని అడిగితే, దానికీ వేలిముద్ర కావాలన్నాడు.